సత్తువ పుట్టుకదా, గోదాదా? టాషా పుస్తకంలో పుట్టుక మార్చుకునే నియమాలపై సమీక్ష

కోడి రామ్మూర్తి నాయుడు గారు వీరఘట్టంలో పుట్టారు. విజయనగరంలో సాము నేర్చి, అక్కడే వ్యాయామశాల నడిపారు. గుండె మీద ఏనుగును ఎక్కించుకున్న ఆ సత్తువలో పుట్టుక వాటా ఎంత, గోదా వాటా ఎంత? బల్ల చుట్టూ కూర్చుని పాచికలు వేస్తూ కథ నడిపే ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో పాత్రను తయారుచేసేటప్పుడు మొదటి అరగంటలో ఎదురయ్యే చిక్కు కూడా ఇదే. ఆట ముఖ్య నియమాల పుస్తకం, 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అయితే సత్తువ పుట్టుకదే అంటుంది. హాఫ్ ఆర్క్ అనే కల్పిత వంశంలో పుడితే స్ట్రెంగ్త్‌కి 2, హై ఎల్ఫ్ వంశంలో పుడితే డెక్స్టెరిటీకి 2, ఇంటెలిజెన్స్‌కి 1 కలుస్తాయి. ఇక ఆ పాత్ర ఎక్కడ పెరిగినా, ఏ పని చేసినా ఆ అంకెలు కదలవు.

ఆ ముడిని విప్పిన పుస్తకం టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్. విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ దీన్ని 2020 నవంబరులో తెచ్చింది. మొత్తం 192 పేజీలు. ఎక్కువ భాగం కొత్త సబ్‌క్లాసులు (పాత్ర వృత్తిలోని శాఖలు), మంత్రాలు, మాయ వస్తువులు, పొడుపు చిక్కులతోనే నిండింది. పుట్టుక మార్చుకునే నియమాలు మొదట్లో కొద్దిపాటి చోటులో ఉన్నాయి. ఈ సమీక్ష ఆ కాస్త భాగం గురించే. అది పెట్టిన దారిలోనే 2024 నాటి కొత్త పుస్తకాలు నడిచాయి కాబట్టి, విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో ఇప్పుడు ఆట మొదలుపెట్టే గుంపు దేనికి డబ్బు పెట్టాలన్నదీ ఇక్కడే తేలుతుంది.

నియమం చిన్నది. వంశం వల్ల వచ్చే అంకెల పెంపును ఆరు శక్తుల్లో (స్ట్రెంగ్త్ అంటే బలం, డెక్స్టెరిటీ చురుకుదనం, కాన్‌స్టిట్యూషన్ ఒంటి గట్టిదనం, ఇంటెలిజెన్స్ తెలివి, విజ్‌డమ్ వివేకం, కరిజ్మా ఆకర్షణ) నచ్చిన చోటికి మార్చుకోవచ్చు. రెండు పెంపులు ఉంటే రెండింటినీ ఒకే శక్తి మీద వేయకూడదు, ఏ అంకే 20 దాటకూడదు. వంశంతో వచ్చే భాష బదులు ఇంకో భాష తీసుకోవచ్చు. ఒక నైపుణ్యం బదులు ఇంకో నైపుణ్యం, కవచం బదులు ఆయుధం లేదా పనిముట్టు, కత్తి లాంటి మార్షల్ ఆయుధం బదులు వేరే ఆయుధం లేదా పనిముట్టు. పనిముట్టు ఇచ్చి మార్షల్ ఆయుధం తీసుకోవడం కుదరదు, సింపుల్ ఆయుధం వరకే. ఆయుధం ఇచ్చి కవచం తెచ్చుకోవడం అసలే కుదరదు. చీకట్లో కనబడడం, విషాన్ని తట్టుకోవడం లాంటి గుణాలు ఎక్కడివి అక్కడే ఉంటాయి. కొత్తవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. నియమం పేరు వినగానే అన్నీ మార్చేసుకోవచ్చు అనుకుంటారు.

ఒక పాత్రను కట్టి చూస్తే నియమం విలువ తెలుస్తుంది. పొందూరు నేత ఇంట్లో పెరిగిన హై ఎల్ఫ్ క్లెరిక్ (మంత్రాలు వేసే పూజారి) అనుకుందాం. శక్తుల అంకెల్ని 27 పాయింట్లతో కొనుక్కునే పద్ధతిలో 15కి 9 పాయింట్లు, 14కి 7, 13కి 5, 12కి 4, 10కి 2, 8కి సున్నా. విజ్‌డమ్ 15, డెక్స్టెరిటీ 14, కాన్‌స్టిట్యూషన్ 13, ఇంటెలిజెన్స్ 12, కరిజ్మా 10, స్ట్రెంగ్త్ 8 పెడితే సరిగ్గా 27. పాత పద్ధతిలో పెంపులు డెక్స్టెరిటీకి, ఇంటెలిజెన్స్‌కి పోయేవి. క్లెరిక్ మంత్రాలన్నీ ఆధారపడే విజ్‌డమ్ 15 దగ్గరే నిలిచి, మాడిఫయర్ (పాచిక అంకెకు కలిపేది) ప్లస్ 2తో సరిపెట్టుకోవాల్సి వచ్చేది. టాషా నియమంతో 2ను విజ్‌డమ్‌కి, 1ని కాన్‌స్టిట్యూషన్‌కి మారిస్తే 17, 14 అవుతాయి. మాడిఫయర్లు ప్లస్ 3, ప్లస్ 2. మాడిఫయర్ సరి అంకె దగ్గరే మారుతుంది కాబట్టి ఒక్కటి కలిపే పెంపును ఎప్పుడూ బేసి అంకె మీద వేయాలి. 14 మీద వేస్తే 15 అవుతుంది, ఆటలో ఏమీ మారదు. అందుకే కాన్‌స్టిట్యూషన్‌ని కావాలనే 13 దగ్గర ఆపాం.

తర్వాత ఆయుధాలు. హై ఎల్ఫ్‌కి పుట్టుకతో లాంగ్‌స్వోర్డ్, షార్ట్‌స్వోర్డ్, షార్ట్‌బో, లాంగ్‌బో వస్తాయి. మగ్గం దగ్గర పెరిగిన మనిషికి నాలుగూ ఎందుకు? లాంగ్‌బో ఉంచుకుని, లాంగ్‌స్వోర్డ్ బదులు నేత పనిముట్లు, షార్ట్‌స్వోర్డ్ బదులు మూలికల సామాను తీసుకుంటే పాత్రకు ఊరు వచ్చేస్తుంది. పొందూరులో పత్తిని వాలుగ చేప దవడతో ఏకుతారు. ఆ దవడ ఎముకను పనిముట్ల వరుసలో పేరు పెట్టి రాసుకోవాలి. నేత పనిముట్లతో పాచిక వేసిన ప్రతిసారీ ఆ ఎముక కథలోకి వస్తుంది. ఇక ఎల్విష్ బదులు ఇంకో భాష. ఆట మన ఏజెన్సీ కొండల్లాంటి చోట జరుగుతుంటే ఆట నడిపే డీఎం (డంజన్ మాస్టర్) ఒప్పుకోలుతో సవర పెట్టుకోవచ్చు. తెలుగు ద్రావిడ భాష, సవర ముండా భాష. పక్కపక్క ఊళ్ళలో ఉన్నా ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది అర్థం కాదు. దుబాసీ పని చేసే పాత్రకు అక్కడే బోలెడు కథ ఉంది.

మార్పిడులకు ఒక వరుస ఉంది. ముందు క్లాసు (పాత్ర వృత్తి), తర్వాత బ్యాక్‌గ్రౌండ్ (అంతకుముందు చేసిన పని), ఆఖరున వంశపు మార్పిడి. తిరగేసి చేస్తే పర్సెప్షన్ బదులు తీసుకున్న ఇన్‌సైట్ క్లాసులో మళ్ళీ తగులుతుంది, షీటు చెరిపి రాసుకోవాలి. మొదటి రోజు పెన్సిలే వాడండి.

ఈ నియమం అదుపు తప్పే చోట్లు రెండున్నాయి, పుస్తకం వాటి గురించి ఒక్క మాటా హెచ్చరించదు. మొదటిది మౌంటెన్ డ్వార్ఫ్. మిగతా వంశాల్లో చాలావాటికి ఒక 2, ఒక 1 వస్తే దీనికి రెండు 2లు వస్తాయి. పాత పద్ధతిలో అవి స్ట్రెంగ్త్, కాన్‌స్టిట్యూషన్ మీదే ఉండేవి కాబట్టి ఇంటెలిజెన్స్ మీద ఆధారపడే మంత్రగాడు విజార్డ్‌కి పెద్దగా పనికొచ్చేవి కావు. లైట్, మీడియం కవచాలు వేసుకునే హక్కు అదనం. ఆ హక్కును అలాగే ఉంచుకుని, 2లను ఇంటెలిజెన్స్‌కి, కాన్‌స్టిట్యూషన్‌కి వేస్తే ఇంటెలిజెన్స్ 17, కాన్‌స్టిట్యూషన్ 16, డెక్స్టెరిటీ 14తో విజార్డ్ తయారవుతాడు. 50 బంగారు నాణేల స్కేల్ మెయిల్ కవచం కొనుక్కుంటే కవచం అంకె (దెబ్బ తగలాలంటే శత్రువు పాచిక అందుకోవాల్సిన అంకె) 16. హై ఎల్ఫ్ విజార్డ్ డెక్స్టెరిటీని 16కి పెంచుకున్నా, అదే 16 కోసం మేజ్ ఆర్మర్ మంత్రం వేయాలి. మొదటి స్థాయిలో ఉన్నవి రెండే మంత్ర అవకాశాలు, అందులో ఒకటి దీనికే పోతుంది. డ్వార్ఫ్‌కి ఆ ఖర్చే లేదు. నక్కి నడవడంలో ఇబ్బంది, అడుగు వేగం 25 అన్నవి నిజమైన లోపాలే గానీ ఈ లాభం ముందు చిన్నవి. మా సలహా: మౌంటెన్ డ్వార్ఫ్ అంకెలు మార్చుకుంటే రెండో 2ను 1 చేయండి, లేదా కవచాల హక్కును తప్పనిసరిగా పనిముట్లకు మార్పించండి.

రెండోది కస్టమ్ లీనియేజ్. ఏ వంశానికీ చెందని పాత్రను కట్టుకోవడానికి పుస్తకం ఇచ్చిన అచ్చు ఇది. చిన్న లేదా మధ్య ఒడ్డూపొడుగు, 30 అడుగుల వేగం, ఒక శక్తికి 2, ఒక ఫీట్ (ప్రత్యేక విద్య), 60 అడుగుల చీకటి చూపు లేదా ఒక నైపుణ్యం, అందరి ఉమ్మడి భాష కామన్‌తో పాటు ఇంకో భాష. అంతే. ఇక్కడ 15కి 2 కలిపి 17 చేసి, ఫే టచ్డ్ లాంటి ఫీట్‌తో ఇంకో 1 కలిపితే మొదటి స్థాయిలోనే 18, మాడిఫయర్ ప్లస్ 4. పక్కన కూర్చున్నవాళ్ళ అంకెలు ప్లస్ 3 దగ్గర ఉంటాయి. నాలుగో స్థాయిలో ఈ పాత్ర 20కి చేరిపోతుంది. గుంపులో ఒక్కరే ఇలా కట్టుకుంటే మిగతావాళ్ళ ముఖాలు రెండో వారానికే వాడిపోతాయి. మొదటి స్థాయిలో ఏ అంకే 17 దాటకూడదని ముందే చెప్పుకుంటే ఈ గొడవ ఉండదు.

అంకెలకంటే మాకు బాధ కలిగించేది వేరే ఉంది. కస్టమ్ లీనియేజ్‌లో ఎముకలే ఉన్నాయి, కండ లేదు. డ్వార్ఫ్‌కి రాతి పని తెలుసు, ఎల్ఫ్ నిద్రపోడు, హాఫ్‌లింగ్‌కి పాచిక 1 పడితే మళ్ళీ వేసుకునే అదృష్టం ఉంది. ఈ అచ్చులో అలాంటిదొక్కటీ లేదు. వంశాన్ని మార్చుకోవడమంటే వంశమే లేకుండా పోవడం కాకూడదు. మీ గుంపులో ఎవరైనా దీన్ని ఎంచుకుంటే ఒక చిన్న గుణాన్ని అందరూ కూర్చుని రాయండి. అంకెలు అక్కర్లేదు. వంశధార వరద వాసన పట్టగలదనో, ఇత్తడి మోత విని బుడితి సామానో కాదో చెప్పగలదనో ఒక్క వాక్యం చాలు.

2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ ఈ చిక్కుకు గోదా వైపు నుంచి జవాబు చెప్పింది. రేస్ అన్న మాట తీసి స్పీషీస్ అంది, అంకెల పెంపును బ్యాక్‌గ్రౌండ్‌కి ఇచ్చింది. ఒక్కో బ్యాక్‌గ్రౌండ్‌కి మూడు శక్తులు. వాటిలో ఒకదానికి 2, ఇంకోదానికి 1 వేయొచ్చు, లేదా మూడింటికీ ఒక్కొక్కటి. దానితోపాటు ఒక ఆరిజిన్ ఫీట్ (మొదట్లోనే వచ్చే ఫీట్), రెండు నైపుణ్యాలు, ఒక పనిముట్టు. మనిషి చేసిన పని అతని శక్తిని తీర్చడమే సబబు, ఆలోచనగా ఇదే మాకు నచ్చింది. ఆచరణలో మాత్రం పదహారు బ్యాక్‌గ్రౌండ్లే అయ్యేసరికి కొత్త సంకెళ్ళు పడ్డాయి. కళింగపట్నం తీరంలో పడవ నడిపిన అమ్మాయిని విజార్డ్ చేయాలంటే సెయిలర్ తీసుకోవాలి. అందులో ఉన్నవి స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ, విజ్‌డమ్. ఇంటెలిజెన్స్ లేదు. చుక్కల్ని చూసి దారి పట్టే జాలరికి లెక్క రాదనడం ఎంత అన్యాయం!

దీనికి రెండు దారులున్నాయి. పాత పుస్తకాల బ్యాక్‌గ్రౌండ్‌ని కొత్త ఆటలోకి తెస్తే, అందులో శక్తులు రాసి ఉండవు కాబట్టి నచ్చిన చోట 2, 1 వేసుకోనిస్తుంది, నచ్చిన ఆరిజిన్ ఫీట్ కూడా ఇస్తుంది. లేదా 2024 డంజన్ మాస్టర్స్ గైడ్‌లో ఉన్న పద్ధతితో డీఎం కొత్త బ్యాక్‌గ్రౌండే రాయొచ్చు. రెండోదే మంచిది. కళింగపట్నం జాలరి: కాన్‌స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, అలర్ట్ ఫీట్, సర్వైవల్, పర్సెప్షన్, నావిగేటర్ పనిముట్లు, సామాను వద్దంటే 50 బంగారు నాణేలు. బొబ్బిలి వీణ చెక్కేవాడు: డెక్స్టెరిటీ, ఇంటెలిజెన్స్, కరిజ్మా, క్రాఫ్టర్ లేదా మ్యుజీషియన్ ఫీట్, హిస్టరీ, పెర్‌ఫార్మెన్స్, చెక్క పని సామాను. ఆ వీణను ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు కాబట్టి మొదటి సామానులో ఒక పనస మొద్దు రాయడం మరవకండి. ఒకటి రాయడానికి పది నిమిషాలు పడుతుంది.

కొనే సంగతి. టాషాను ఈ నియమాల కోసమే కొనకండి. 2014 పుస్తకాలతో ఆట నడుస్తూ, సబ్‌క్లాసులు కూడా కావాలనుకునేవాళ్ళకు మాత్రం అది ఇప్పటికీ మంచి పుస్తకం. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు ఏదీ కొనకముందే ఉచితంగా దొరికే ముఖ్య నియమాల పత్రం ఎస్ఆర్‌డీ 5.2 దించుకోండి. అందులో తొమ్మిది స్పీషీస్, నాలుగు బ్యాక్‌గ్రౌండ్లు ఉన్నాయి: అకొలైట్, క్రిమినల్, సేజ్, సోల్జర్. ఆ నాలుగింటినీ మాదిరిగా పెట్టుకుని, పైన జాలరిని రాసినట్టే మీ ఊరి పనులతో ఇంకో నాలుగు రాసుకుని రెండు మూడు ఆదివారాలు ఆడి చూడండి. తర్వాత డబ్బు పెట్టేది ఒక్క పుస్తకానికే అయితే అది ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌కి పెట్టండి. డంజన్ మాస్టర్స్ గైడ్ గుంపుకి ఒకటి ఉంటే సరిపోతుంది.