బ్లాస్ట్ చిల్లర్: జడ్చర్ల ఎండల్లో వాడి చూశాక

మాది జడ్చర్లలో చిన్న కేటరింగ్ కిచెన్. పోలేపల్లి సెజ్ వైపు కంపెనీలకు మధ్యాహ్నం భోజనాలు పంపుతాం, ముహూర్తాల సీజన్‌లో దావత్‌లు చేస్తాం. గ్రేవీలు, పప్పు, మటన్ కూర ముందురోజు సాయంత్రమే వండి, చల్లార్చి, పొద్దున మళ్లీ మరిగించి పంపడం మా పద్ధతి. అందుకే ఈ ఐదు ట్రేల బ్లాస్ట్ చిల్లర్ కొన్నాం, అంటే వేడి వంటల మీదికి బాగా చల్లటి గాలిని గట్టిగా ఊది త్వరగా చల్లార్చే మెషిన్. కొన్ని వేసవులు దాటింది కాబట్టి ఇప్పుడు ధైర్యంగా రాస్తున్నా. కంపెనీ పేరు రాయను. ఈ సైజులో ఎవరిది కొన్నా పనితీరు ఇంచుమించు ఇంతే.

మెషిన్ మంచిదే. కానీ "చల్లబెట్టే మైక్రోవేవ్" అనుకుని కొంటే మొదటి వారంలోనే గొడవ. మా మాస్టర్ రోజూ సణిగేవాడు: "ఏందక్కా, బట్టీ మీద ఇరవై నిమిషాల్ల మరిగింది, దీంట్ల గంటన్నరకు గూడ సల్లారదా?" అడగాల్సిన ప్రశ్నే.

లెక్క వేస్తే, 20 కిలోల కూరను 30 డిగ్రీల నుంచి 100కు ఎక్కించడానికి ఎంత వేడి పట్టాలో, 70 నుంచి 3 డిగ్రీలకు దించడానికి సుమారు అంతే వేడి బయటికి పోవాలి. రెండూ ఒకటిన్నర యూనిట్ కరెంటుకు సమానం. అయితే గ్యాస్ మంట 1,500 డిగ్రీలు దాటి ఉంటుంది. మంటకూ కూరకూ మధ్య ఉన్న ఆ తేడాయే వేడిని లోపలికి తోస్తుంది. మా చిల్లర్‌లో గాలి మహా అయితే మైనస్ 20. కూర 70లో ఉన్నప్పుడు తేడా 90, కూర 10కి దిగేసరికి 30. అందుకే మొదట్లో ముల్లు చకచకా దిగుతుంది, చివరి పది డిగ్రీల దగ్గర ప్రాణం తీస్తుంది. ఎంత ఖరీదైన మెషిన్ తెచ్చినా మైనస్ 273 కిందికి పోవడానికి ప్రకృతిలోనే దారి లేదు.

పైగా వేడిని పుట్టించొచ్చు. గ్యాస్ కాల్చినా, కాయిల్‌లో కరెంటు పారినా పుడుతుంది. చలిని పుట్టించలేం, లోపల ఉన్న వేడినే ఎత్తి బయట పారబోయాలి. మైక్రోవేవ్ తరంగాలు రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి దూరి, అక్కడి నీటిని కదిపి అక్కడే వేడి పుట్టిస్తాయి. వేడిని లాగేసే తరంగం ఏదీ లేదు. ల్యాబుల్లో లేజర్‌తో చల్లబరుస్తారన్నది నిజమే గానీ, అది ఎక్కువగా పలచటి వాయువులో ఉన్న పరమాణువులకు. మా ముద్దపప్పుకు పనికిరాదు.

ఇక నేను అందరికీ చెప్పే మాట ట్రేలో లోతు గురించి. బ్రోషర్‌లో "90 నిమిషాల్లో 70 నుంచి 3 డిగ్రీలకు, 20 కిలోలు" అని ఉంటుంది. ఆ 20 కిలోలు ఐదు ట్రేలలో పలచగా పరిచినప్పటి మాట. అదే పప్పును రెండు ట్రేలలో నిండుగా పోస్తే లెక్క తప్పుతుంది. వేడి నడిమధ్య నుంచి అంచుకు నడిచి రావాలి కదా, మందం రెట్టింపైతే పట్టే టైమ్ ఇంచుమించు నాలుగు రెట్లు. చిక్కటి పదార్థంలో ఇది ఇంకా ఘోరం. పలచటి రసమైతే లోపల తనే తిరుగుతుంది, ముద్దపప్పు తిరగదు. పొయ్యి మీద పప్పు అడుగంటడానికీ, చిల్లర్‌లో పైన తొరక కట్టి మధ్యలో పొగలు కక్కడానికీ కారణం ఒకటే. మేం నాలుగైదు సెంటీమీటర్లకు మించి పోయం. మధ్యలో ఒకసారి తలుపు తీసి గరిటెతో కలుపుతాం. చలి పోతుందని భయపడతారు గానీ, కలిపితే కలిసొచ్చేదే ఎక్కువ. పాల కేంద్రాల్లో బల్క్ కూలర్‌లో పాలను తిప్పుతూనే 4 డిగ్రీలకు దించేది ఇందుకే.

ఇంత తొందర ఎందుకంటే, 60 నుంచి 5 డిగ్రీల మధ్యే బ్యాక్టీరియాకు పండగ. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికినా చావవు. బగారా అన్నం గంజులోనే గోరువెచ్చగా రాత్రంతా ఉంటే అవి మొలిచి విషం వదులుతాయి, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. ఫ్రిజ్‌లో పెడితే సరిపోదా అంటారు. పెద్ద బగోనె వేడివేడిగా తోసేస్తే పక్కనున్న పెరుగు, పాలు కూడా వేడెక్కుతాయి. చల్లగా ఉన్నదాన్ని చల్లగా ఉంచడమే ఫ్రిజ్ పని.

ఆవిరి కక్కుతున్న ట్రేలు నేరుగా చిల్లర్‌లో పెట్టినా నష్టమే, ఆవిరంతా లోపల గాలిని చల్లబరిచే కాయిల్ మీద మంచు కట్టి గాలి ఆగిపోతుంది. పెడెస్టల్ ఫ్యాన్ కింద కాసేపు ఉంచి, 65-70కి రాగానే లోపలికి పంపుతాం. అంతకన్నా కిందికి దిగేదాకా బయట ఉంచం. అన్నం మూత లేకుండా పెడితే పైపొర ఎండిపోతుంది, అది మాత్రం ఇప్పటికీ చిరాకే.

తలకాయ షోర్వాకు దీన్ని వాడను. సన్నటి స్టీలు క్యాన్లలో పోసి ఐసునీళ్ల టబ్బులో దించుతాం. నీరు వేడిని గాలి కంటే ఇరవై రెట్లకు పైగా బాగా లాగుతుంది. పది లీటర్లను 80 నుంచి 20కి దించాలంటే ఏడెనిమిది కిలోల ఐసు కరగాలి. మొదట మామూలు నీళ్లలో పెడితే ఐసు మిగులుతుందని అందరూ చెప్తారు, మేలో మా డాబా మీద ట్యాంకు నీళ్లతో అయితే మిగిలేది తక్కువే.

కంప్లయింట్లు ఉన్నాయి. లోపల లాగిన వేడికి కంప్రెసర్ వేడి కూడా కలిపి గదిలోకే వదులుతుంది. బయట 42 ఉన్న రోజు గది కుంపటే. వేడిని బయటికి వదిలే కండెన్సర్‌కు చల్లటి గాలి దొరక్క మెషిన్ నీరసిస్తుంది, గంటన్నర పని రెండు గంటలు దాటుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ పెట్టించాక కాస్త నయం. హైవే దుమ్ముకు కండెన్సర్ జాలీ వారం వారం దులపాలి. కూర మధ్యలో గుచ్చి వేడి చూసే కోర్ ప్రోబ్ వైరు తలుపులో నలిగి తెగుతుంది, సర్వీస్ మనిషి హైదరాబాద్ నుంచి రావాలి, "రేపొస్తా మేడం" అంటే అది ఏ రేపో తెలియదు. మోత కూడా గట్టిగానే ఉంటుంది.

రోజుకు పదిహేను ఇరవై కిలోలు మించని కర్రీ పాయింట్లకు దీనికి డబ్బు పోయడం అనవసరం, వెడల్పు ట్రేలు, ఐసు, ఫ్యాన్ చాలు. సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్లు ఖాళీ మెషిన్ మైనస్ 20 చూపించగానే మురిసిపోకండి. ట్రేలన్నింటిలో నాలుగు సెంటీమీటర్ల లోతు వేడినీళ్లు పోయించి, మధ్య ట్రేలో ప్రోబ్ పెట్టి, 70 నుంచి 3కి ఎంతసేపు పడుతుందో అక్కడే కూర్చుని చూడండి. అదీ మిట్టమధ్యాహ్నం పూట.