ముసలితల్లిని బ్రిటన్‌కు తెచ్చుకునే వీసా: మేము తీసుకున్న న్యాయసేవపై సమీక్ష

ఇంగ్లండ్‌లో స్థిరపడిన పిల్లలు, ఊళ్ళో ఒంటరిగా మిగిలిన తల్లినో తండ్రినో శాశ్వతంగా తమ దగ్గరికి తెచ్చుకోవాలంటే ఉన్న దారి దాదాపు ఒక్కటే. దాని పేరు అడల్ట్ డిపెండెంట్ రిలేటివ్ వీసా. తెనాలిలో ఉన్న మా అమ్మ కోసం ఈ వీసాకు దరఖాస్తు చేసేటప్పుడు మేము ఇంగ్లండ్‌లోని ఒక సొలిసిటర్ల (న్యాయవాదుల) సంస్థ సేవ తీసుకున్నాము. వారి సలహా మీదనే గుంటూరు నుంచి ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టును, అంటే మనిషి తన రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలదో పరిశీలించే నిపుణురాలిని, పిలిపించి, అమ్మ పరిస్థితిపై నివేదిక రాయించుకున్నాము. ఈ రెండు సేవల్లో దేనికి ఎంత విలువ ఉందో, ఎక్కడ లోటు కనిపించిందో ఇదే అవసరంలో ఉన్నవారికి ఉపయోగపడుతుందని వివరంగా రాస్తున్నాను.

ముందు నిబంధన సంగతి తెలిస్తే తప్ప సేవ మంచిచెడ్డలు అర్థం కావు. 2012 జూలై 9కి ముందు, 65 ఏళ్ళు దాటి, పిల్లలు పంపే డబ్బు మీదే ఆధారపడి బతికే తల్లిదండ్రులకు ఈ దేశంలోకి రావడానికి కొంత వీలుండేది. ఆ రోజు నుంచి అమలులోకి వచ్చిన నిబంధనల ప్రకారం ఆధారపడటం అంటే డబ్బు కోసం ఆధారపడటం కాదు. వయసు వల్లనో, జబ్బు వల్లనో, వైకల్యం వల్లనో స్నానం చేయడం, బట్టలు కట్టుకోవడం, వండుకోవడం వంటి రోజువారీ పనులకు దీర్ఘకాలం మరొకరి సాయం కావలసిన స్థితిలో ఉండాలి. అంతేకాదు, ఆ మనిషికి కావలసిన స్థాయిలో సంరక్షణ స్వదేశంలో దొరకదనో, దొరికినా ఆ ఖర్చు భరించలేమనో చూపించాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. తల్లిని ఇంగ్లండ్‌లో పోషించగలమని చూపించడానికి మంచి జీతం ఉండాలి, కానీ ఆ జీతమే ఉంటే తెనాలిలో నర్సును పెట్టి చూసుకోవచ్చు కదా అని దరఖాస్తు చూసే అధికారి అడుగుతాడు. అందుకే ఈ వీసా దొరికేవారు చాలా తక్కువ. అమెరికాలో పౌరసత్వం ఉన్న బిడ్డకు 21 ఏళ్ళు నిండి, తగిన ఆదాయం ఉంటే, తల్లిదండ్రుల అనారోగ్యాన్ని నిరూపించే పనే లేదు. కాబట్టి అక్కడున్న బంధువులు ఎంత ప్రేమతో సలహా చెప్పినా అది ఇక్కడ పనికిరాదు.

సొలిసిటర్ల దగ్గరికి వెళ్ళేముందు మేము హైదరాబాదులోని ఒక కన్సల్టెన్సీని సంప్రదించాము. అమ్మను సందర్శకుల వీసా మీద ముందు తీసుకువెళ్ళమని, అక్కడికి చేరాక కాగితాలు మార్చుకోవచ్చని వారు ఏమాత్రం సంకోచం లేకుండా చెప్పారు. ఇది ప్రమాదకరమైన సలహా. సందర్శకులుగా వచ్చినవారు దేశంలో ఉండగా ఈ వీసాకు మారడానికి వీలులేదు, దరఖాస్తు బ్రిటన్ బయట నుంచే చేయాలి. అసలు ఉద్దేశం దాచి సందర్శకుల వీసా అడిగారన్న అనుమానం ఒకసారి రికార్డుల్లోకి ఎక్కితే ఆ తరువాతి దరఖాస్తులన్నిటి మీదా దాని నీడ పడుతుంది. డెబ్బై, ఎనభై ఏళ్ళ మనిషి పేరు మీద అటువంటి మచ్చ తెచ్చే సలహాను డబ్బు తీసుకుని చెప్పడం క్షమించరానిదని నా అభిప్రాయం. బ్రిటన్‌లో అయితే రిజిస్ట్రేషన్ లేకుండా ఇమిగ్రేషన్ సలహా ఇవ్వడం 1999 నాటి చట్టం కింద నేరం. సలహాదారు పేరు సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ జాబితాలోనో, ఇమిగ్రేషన్ అడ్వైజ్ అథారిటీ జాబితాలోనో ఉందా లేదా అన్నది డబ్బు కట్టేముందే ఎవరికి వారు చూసుకోవచ్చు.

సొలిసిటర్ల సంస్థతో జరిగిన మొదటి సంభాషణకు విడిగా ఫీజు కట్టాము, ఆ ఫీజు పూర్తిగా సార్థకమైంది. మా మాట మొత్తం విన్నాక ఆ న్యాయవాది ఆశ పెట్టలేదు. ఆసుపత్రి ఫైళ్ళు ఎన్ని గుట్టలు పోసినా జబ్బు పేరు ఒక్కటీ వీసా తెచ్చిపెట్టదని, జబ్బు వల్ల అమ్మ ఏ పని చేసుకోలేకపోతున్నదో, ఆ పని తెనాలిలో జీతానికి వచ్చే మనిషి చేత ఎందుకు సరిగా జరగడం లేదో గడియారం పెట్టి చూపించాలని చెప్పింది. 2017లో బ్రిట్‌సిట్స్ అనే సంస్థ వేసిన కేసులో అప్పీలు కోర్టు ఈ నిబంధనలను కొట్టివేయలేదు. అయితే స్వదేశంలో దొరికే సంరక్షణ ఆ ఒక్క మనిషికి తగినదై ఉండాలని, వైద్య నిపుణులు ధ్రువీకరించిన మానసిక, భావోద్వేగ అవసరాలు కూడా లెక్కలోకి వస్తాయని ఆ తీర్పులో స్పష్టంగా ఉంది. మా దరఖాస్తును ఆవిడ ఆ తీర్పు మీదనే నిలబెట్టింది.

ఇక థెరపిస్టు చేసిన పని. మొత్తం వ్యవహారంలో మేము పెట్టిన డబ్బుకు నూటికి నూరుపాళ్ళూ ఫలితం ఇచ్చింది ఇదే. థెరపిస్టు మా అమ్మ నిద్ర లేవకముందే ఇంటికి వచ్చి, రాత్రి మందులు వేసుకునేదాకా అక్కడే ఉంది. అమ్మ మంచం దిగడానికి దేన్ని పట్టుకుంటున్నదో చూసింది. చెంబు ఎత్తితే చెయ్యి భుజం దాటి లేవకపోవడం, చీర మానేసి నైటీలోకి మారినా బొత్తాలు పెట్టుకోలేకపోవడం రాసుకుంది. అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి, పూజగదిలోకి వెళ్ళి, అక్కడే కూర్చుండిపోయింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోతే గ్యాసు కట్టేసింది థెరపిస్టే, ఆ నిమిషం కూడా నివేదికలో నమోదైంది. మధ్యాహ్నం అటెండెంటు అన్నం, పప్పు కలిపి పెడితే అమ్మ కంచం పక్కకు నెట్టి, అబ్బాయి వచ్చాక తింటానన్నది. సాయంత్రం వీడియో కాల్‌లో నా భార్య "అత్తయ్యా, నేను చూస్తూనే ఉన్నాను, ఒక్క ముద్ద తినండి" అని బతిమాలితే అదే అన్నం సగం దాకా తిన్నది.

తినడం, స్నానం, మెట్లెక్కడం వంటి 10 పనులకు 100 మార్కులు వేసే బార్తెల్ సూచిక ప్రకారం థెరపిస్టు మా అమ్మకు మార్కులు వేసింది. అయితే నివేదికకు బలం ఆ అంకెతో వచ్చిందని నేను అనుకోను. కొత్తవారి చేతి తిండి తినకపోవడం మొండితనం కాదని, మతిమరుపు జబ్బులో భాగమని గుంటూరులోని మానసిక వైద్యుడు విడిగా రాసి ఇచ్చిన ఉత్తరం ఈ పరిశీలన పక్కన చేరినప్పుడే, జీతానికి మనిషిని పెడితే సరిపోతుందన్న వాదనకు జవాబు దొరికింది. దీనికి తోడు, మానేసి వెళ్ళిన ప్రతి అటెండెంటూ ఎందుకు మానేశారో, వారికి ఇచ్చిన జీతాల రసీదులు ఎక్కడున్నాయో సంస్థ అడిగింది. అటెండెంట్లు తెలుగులో రాసిన రోజువారీ పుస్తకాన్ని ధ్రువీకరించిన ఇంగ్లీషు అనువాదంతో జతచేయించింది. ఇంగ్లండ్‌లో మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్ళినప్పుడు అమ్మను ఎవరు చూస్తారో గంటల వారీగా రాయించింది. ఈ చివరి విషయం చాలామంది మరచిపోతారు.

లోపాలు కూడా చెప్పాలి. మొదటి రోజు మాట్లాడిన న్యాయవాది తరువాత చాలా అరుదుగా కనిపించేది. మధ్యలో మా ఫైలు చూసే జూనియర్లు మారినప్పుడల్లా చెప్పిన సంగతే మళ్ళీ మొదటి నుంచి చెప్పవలసి వచ్చింది. ఈమెయిలుకు జవాబు రావడానికి వారాలు పట్టిన సందర్భాలున్నాయి. వీటికన్నా నన్ను ఎక్కువగా బాధపెట్టిన విషయం మరొకటి ఉంది. దరఖాస్తుదారు అమ్మ, కానీ మేము అడిగేదాకా సంస్థలో ఎవరూ అమ్మతో నేరుగా మాట్లాడలేదు. పుట్టి పెరిగిన ఊరు, వాకిట్లో తులసికోట, రోజూ పలకరించే ఇరుగుపొరుగు వదిలి రావడం ఆవిడకు ఇష్టమేనా అని అడగడం మర్యాద కోసం చేసే పని కాదు, ఆ సమ్మతి మీదనే మిగతాదంతా ఆధారపడి ఉంటుంది. తెలుగులో నెమ్మదిగా, రెండు మూడు విధాలుగా ఆ ప్రశ్న అడిగి, అమ్మ జవాబును ఆవిడ మాటల్లోనే రాసుకున్నది థెరపిస్టే. వృద్ధుల కేసులు తీసుకునే ఏ న్యాయసంస్థ అయినా ఈ పనిని మొట్టమొదటి మెట్టుగా పెట్టుకోవాలి.

క్షయ పరీక్ష విషయంలో మాత్రం సంస్థ ముందుచూపు మెచ్చుకోదగ్గది. భారతదేశం నుంచి ఇలా ఎక్కువ కాలం ఉండటానికి వచ్చేవారు బ్రిటన్ ప్రభుత్వం ఆమోదించిన క్లినిక్‌లోనే ఎక్స్‌రే తీయించుకోవాలి. పెద్దవాళ్ళ ఊపిరితిత్తుల్లో పాత మచ్చ ఏదైనా కనిపిస్తే కఫం పరీక్ష అడుగుతారు, ఆ ఫలితం రావడానికి రెండు నెలల దాకా పట్టవచ్చు. సర్టిఫికెట్టు చెల్లేది ఆరు నెలలే కాబట్టి మరీ ముందుగా తీయించినా ప్రయోజనం లేదు. తేదీలన్నీ వారు ముందే లెక్క వేసి ఇవ్వడం వల్ల హైదరాబాదు ప్రయాణం అమ్మకు ఒక్కసారితో సరిపోయింది.

ఖర్చు సంగతికి వస్తే, ప్రభుత్వానికి కట్టే దరఖాస్తు రుసుమే 3,000 పౌండ్లు దాటుతుంది, వీసా నిరాకరిస్తే అది తిరిగి రాదు. సంస్థ ఫీజు అంతకన్నా ఎక్కువైంది. నిరాకరించిన పక్షంలో 28 రోజుల్లో ట్రిబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు కానీ, ఆ పనికి సంస్థ మళ్ళీ వేరే ఫీజు తీసుకుంటుంది. ఈ మాట ఒప్పందంలో చిన్న అక్షరాల్లో కాక మొదటి పేజీలోనే రాసి ఇచ్చారు. మాకు ఆ అవసరం రాకుండానే వీసా వచ్చింది. వచ్చాక కూడా వారు ఒక ఉత్తరం పంపారు. ఐదేళ్ళపాటు అమ్మ పోషణ, వసతి, సంరక్షణ బాధ్యత మాదేనని సంతకం చేసినందువల్ల ఆ కాలంలో అటెండెన్స్ అలవెన్సు, పెన్షన్ క్రెడిట్ వంటి ప్రభుత్వ భత్యాలు అడగకూడదని, వరుసగా రెండేళ్ళకు మించి దేశం బయట ఉంటే శాశ్వత నివాస హక్కు పోతుందని అందులో వివరించారు.

తల్లిదండ్రులు ఇద్దరూ కలిసి ఉంటున్నవారు ఒక్కరి కోసం దరఖాస్తు చేయడానికి వీలులేదు, ఇద్దరూ కలిసే చేయాలి. అయితే సంరక్షణ అవసరం వారిలో ఒక్కరికి ఉన్నా చాలు. తల్లో తండ్రో తమ పనులు తాము చేసుకోగలుగుతూ కేవలం ఒంటరితనంతో బాధపడుతున్నవారు మాత్రం ఈ సంస్థకే కాదు, ఏ సంస్థకూ ఈ వీసా కోసం ఇప్పుడు డబ్బు కట్టవద్దని నా సలహా. సంరక్షణ నిజంగా అవసరమైనవారు మొదట మంచి థెరపిస్టు చేత, తెలుగు వచ్చిన మనిషి చేత, ఒక రోజంతా పరిశీలన చేయించి, ఆ నివేదిక చేత పట్టుకుని సొలిసిటర్ దగ్గరికి వెళ్ళండి. ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఒక్కరే చూడాలన్న షరతు ఒప్పందంలో రాయించుకోగలిగితే ఈ సంస్థ దగ్గరికే మా బంధువులను కూడా పంపుతాను.