నాయన కాలికి కరెంటు మిషన్: ఐదు నెలలు వాడాక చెబుతున్నా

మా నాయన రోజూ పొద్దున్నే గోవిందరాజస్వామి గుడి దాకా నడిచి వచ్చే మనిషి. పక్షవాతం వచ్చాక ఎడమ కాలికి మోకాలి దాకా బలం తిరిగొచ్చింది గానీ పాదం మాత్రం పైకి లేవదు, నడిస్తే వేళ్లు నేలకు రాసుకుంటాయి, చెప్పు ముందంచు అరిగి కాగితంలా అయిపోయింది. దీన్ని ఫుట్ డ్రాప్ అంటారు.

మొదట తప్పు మిషన్ కొన్నాం. సర్జికల్ షాపులో పక్షవాతానికి కరెంటు మిషన్ కావాలని అడిగితే టెన్స్ మిషన్ ఇచ్చారు. మూడు వారాలు పెట్టినా కాలు జివ్వుమనడమే గానీ పాదం కదల్లేదు. ఇంటికొచ్చే ఫిజియో మేడమ్ చూసి, "ఇది నొప్పులకు సార్, మీకు కండరాన్ని పనిచేయించేది కావాలి, ఈఎంఎస్ అని అడగండి" అన్నారు. పాతది షాపువాళ్లు వెనక్కి తీసుకోలేదు.

రెండోది రెండు చానెళ్లది, నాలుగు జెల్ ప్యాడ్లు. మేడమ్ సెకనుకు 35 సార్లు కరెంటు తట్టేలా (35 హెర్ట్జ్), ఒక్కో తట్టు 300 మైక్రోసెకన్లు ఉండేలా పెట్టి, 5 సెకన్లు కరెంటు, 10 సెకన్లు విరామం ఇచ్చారు. ఒక ప్యాడ్ మోకాలికి బయటివైపు ఉబ్బెత్తుగా తగిలే ఎముక కింద, ఇంకోటి దానికి కాస్త కింద, కాలి ముందువైపు కండరం మీద. నెమ్మదిగా పెంచుతుంటే ముందు బొటనవేలు అదిరింది, తర్వాత పాదమంతా లేచి అట్లే నిలబడింది. నాయన మాట్లాడలేదు. ఇరవై నిమిషాలకు ఆపబోతే చేయి అడ్డం పెట్టాడు. ప్యాడ్ అర అంగుళం జరిగినా పాదం పైకి లేవకుండా పక్కకు తిరుగుతుంది, అందుకే సరిగ్గా కుదిరిన చోట స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకున్నాం.

కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆయన కూడా పాదం ఎత్తాలని గట్టిగా ప్రయత్నించాలి. టీవీ చూస్తూ ఊరికే పెట్టించుకుంటే ఫలితం తక్కువ, ఇది మేడమ్ పదేపదే చెప్పేవారు, మా ఇంట్లో నేనే చూశాను. కండరం కూడా తొందరగా అలిసిపోతుంది, లేచే ఎత్తు తగ్గుతుందంటే ఆపేయాలి.

పక్కింటి అన్నది పోలియో కాలు, చిన్నప్పుడు ఇక్కడి బర్డ్ ఎముకల ఆసుపత్రిలో ఆపరేషన్ అయింది, ఆయన కూడా కొంటానన్నాడు. వద్దన్నారు మేడమ్. పక్షవాతంలో మెదడు నుంచి ఆదేశం రాదు గానీ వెన్నుపాము నుంచి కండరానికి వెళ్లే నరం బాగానే ఉంటుంది, ఈ మిషన్ దాన్నే పనిచేయిస్తుంది. పోలియోలో దెబ్బతినేది ఆ నరాల కణాలే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, కాల్లో రక్తం గడ్డ కట్టినవాళ్లు, గర్భిణులు దీని జోలికి పోకూడదు. ఫిట్స్ ఉంటే డాక్టరును అడగకుండా అస్సలు పెట్టొద్దు. వెన్నుపాము పైభాగంలో దెబ్బ తగిలినవాళ్లకు బీపీ ఒక్కసారిగా పెరగొచ్చు, ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి.

మాది కూర్చుని చేసే వ్యాయామానికే. నడుస్తున్నప్పుడే పాదం ఎత్తించే రకాలు వేరే ఉన్నాయి, 1961లోనే అమెరికాలో లిబర్సన్ అనే డాక్టరు మడమ కింద స్విచ్ పెట్టి, మడమ లేవగానే కరెంటు వెళ్లేలా చేశారు. ఇప్పటి విదేశీ మోడళ్లు లక్షల్లో ఉంటాయి, మా వల్ల కాదు.

ఐదు నెలలకు, మిషన్ లేకుండానే పాదం రెండు వేళ్ల ఎత్తు లేస్తోంది. ఇదంతా మిషన్ చలవే అనను, రోజూ చేసిన ఫిజియో కూడా ఉంది. బయటికెళ్తే పాదం వేలాడకుండా పట్టి ఉంచే స్ప్లింట్ ఇంకా వేసుకుంటున్నాడు. అయినా వీధి చివరి టీకొట్టు దాకా నా చేయి పట్టుకోకుండా వెళ్లొస్తున్నాడు, నాకు అది చాలా పెద్ద విషయం.

ఇబ్బందల్లా ప్యాడ్లతోనే. నువ్వులనూనె మర్దన చేసిన కాలికి అంటవు, మన తిరుపతి ఎండలకు చెమటపట్టి జారిపోతాయి, కాలు సబ్బుతో కడిగి బాగా ఆరాకే పెట్టాలి. జెల్ ఎండిపోయినా వాడితే కరెంటంతా ఒకేచోట పడి చర్మం కాలుతుంది, నాయనకు ఒకసారి రూపాయి బిళ్లంత ఎర్రగా కమిలింది. మాకు ఒక సెట్టు నెల కూడా రాలేదు, కొత్తవి దొరక్క వారం రోజులు ఆపేయాల్సి వచ్చింది. ప్యాడ్లు విడిగా దొరికే మోడలే చూసుకుని, కొన్న రోజే రెండు సెట్లు అదనంగా తీసుకోండి.