పాదాల చికిత్స నేర్చుకోవడానికి డిగ్రీయా, వర్క్‌షాపా?

కర్నూలులో ఫిజియోథెరపీ పూర్తిచేసిన పిల్లలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది.

మడమ నొప్పి, చదును పాదాలతో వచ్చేవాళ్లకు బూటులో పెట్టే ఇన్‌సోల్ ఇవ్వడమే మీ పని అయితే మంచి వర్క్‌షాపు చాలు. నడక గమనించడం, మడమ ఎటు వాలుతోందో చూడటం, రెడీమేడ్ ఇన్‌సోల్‌కు ఎక్కడ ఎత్తు పెంచాలో తెలుసుకోవడం అక్కడ వస్తాయి. ఖర్చూ తక్కువే.

పక్షవాతంతో పాదం వేలాడిపోయిన మనిషికి ఏఎఫ్‌ఓ (చీలమండను, పాదాన్ని పట్టి ఉంచే తొడుగు) చేయాలంటే మాత్రం కథ వేరు. కాలికి ప్లాస్టర్ చుట్టి, అది గట్టిపడేదాకా చీలమండను సరైన కోణంలో పట్టుకోవాలి. ఆ అచ్చులో ప్లాస్టర్ పోసి కాలి నమూనా తీసి, దాన్ని చెక్కి సరిచేసి, వేడిచేసిన పాలీప్రొపైలీన్ అనే ప్లాస్టిక్ షీటును దానిపై పరవాలి. ఎముక ఉబ్బెత్తుగా ఉన్నచోట కాస్త ఒత్తుకున్నా చర్మం చిట్లుతుంది. షుగర్‌తో స్పర్శ పోయినవాళ్లకు ఆ సంగతి కూడా తెలియదు, పుండు పడేదాకా. ఈ చేతిపని రెండు రోజుల్లో రాదు. అందుకే ప్రోస్థెటిక్స్ అండ్ ఆర్థోటిక్స్ (కృత్రిమ అవయవాలు, ఊత పరికరాల తయారీ) డిగ్రీ ఉంది, దాన్ని రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తిస్తుంది. కటక్ దగ్గరి జాతీయ సంస్థలోనూ ఈ కోర్సు ఉంది. ఇల్లు వదిలి వెళ్లాలి, ఏళ్లు పడుతుంది. అయినా ఇంటర్ అయిన పిల్లలకు నేను ఇదే చెబుతాను.