ఇరుకు పంప్ రూమ్‌లో ఉప్పు క్లోరినేటరా, హైపో పంపా: ఏది మేలు?

షాద్‌నగర్, జడ్చర్ల వైపైనా, చౌటుప్పల్, నార్కట్‌పల్లి వైపైనా ఫామ్‌హౌస్ పూల్ కట్టేటప్పుడు అన్నిటికంటే చివర గుర్తొచ్చేది పంప్ రూమ్. మిగిలిన మూలలో నాలుగడుగులు ఇటు, అయిదడుగులు అటు జాగ చూసి, అందులో 24 అంగుళాల సాండ్ ఫిల్టర్, 1 హెచ్‌పీ మోటరు, మల్టీపోర్ట్ వాల్వ్ (ఫిల్టర్‌లో నీటి దారి మార్చేది) ఇరికిస్తారు. రెండేళ్ల తర్వాత ఉప్పు క్లోరినేటర్ (పూల్‌లో కలిపిన ఉప్పు నుంచి కరెంటుతో క్లోరిన్ పుట్టించేది) పెట్టాలంటే, ఆ పని చేసే ప్లేట్లున్న గొట్టం, అంటే సెల్, ఎక్కడ పట్టాలన్నది ప్రశ్న. ఆ జాగలో పెట్టగలిగినవి మూడున్నాయి: ఉప్పు సెల్, సోడియం హైపోక్లోరైట్ (హైపో, అంటే క్లోరిన్ ద్రావణం) పోసే డోసింగ్ పంపు, టాబ్లెట్ ఫీడర్.

లెక్కకు 50,000 లీటర్ల పూల్ అనుకుందాం. ఎండాకాలంలో పైకప్పు లేని పూల్‌కు రోజుకు సుమారు 3 పీపీఎం (లీటరుకు 3 మిల్లీగ్రాములు) క్లోరిన్ ఖర్చవుతుంది, అంటే 150 గ్రాములు.

టాబ్లెట్ల సంగతి ముందే తేల్చేయొచ్చు. జాగ అన్నిటికంటే తక్కువ అడిగేది ఇదే. కానీ టీసీసీఏ (ఆ టాబ్లెట్లలోని రసాయనం) ద్వారా 10 పీపీఎం క్లోరిన్ ఇస్తే వెంట 6 పీపీఎం సయన్యూరిక్ యాసిడ్ కూడా నీళ్లలో చేరుతుంది, అది ఎక్కువైతే క్లోరిన్ పని మందగిస్తుంది. పై లెక్కన నెలకు 54 పీపీఎం. మూడో నెలకు 150 దాటుతుంది, అప్పుడు క్లోరిన్ ఉన్నా పాచి పడుతుంది. దాన్ని తగ్గించాలంటే సగానికి పైగా నీళ్లు పారబోసి కొత్తవి నింపాలి. బోర్లు ఎండే మే నెలలో ఆ పని ఎవరివల్లా కాదు. ఊరికి వెళ్లిన వారం రోజులకు టాబ్లెట్లు చాలు, ఏడాది పొడుగునా వద్దు.

ఇక ఉప్పు సెల్. 150 గ్రాములకు గంటకు 20 గ్రాముల సెల్ ఎనిమిది గంటలు నడిస్తే సరిపోతుందని కొనొద్దు. 25 నుంచి 30 గ్రాములది తీసుకుంటే తక్కువ జోరు మీద నడిచి ఎక్కువ కాలం వస్తుంది. జాగ లెక్క కొలత టేపుతో తేల్చాలి. నీళ్లు పారుతున్నాయో లేదో కనిపెట్టే ఫ్లో స్విచ్‌కు ముందు 30 సెంటీమీటర్ల తిన్నని పైపు ఉండాలి. ఎల్బో (పైపు మలుపు) దాటీ దాటగానే స్విచ్ పెడితే నీటి సుడికి లోపలి రేకు కొట్టుకుంటుంది, నీళ్లు పారుతున్నా ‘ఫ్లో లేదు’ అని బీప్ కొడుతుంది. సెల్ 35 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. దానికి రెండు కొసలా అడాప్టర్లు. అన్నీ, స్విచ్ బిగించే టీ ముక్కా కలిపితే 90 సెంటీమీటర్ల దాకా.

అడాప్టర్లు ఎందుకంటే, మన దగ్గర రిటర్న్ లైను (నీళ్లను తిరిగి పూల్‌కు పంపేది) ఎక్కువగా 63 మిల్లీమీటర్ల వ్యవసాయ పీవీసీ పైపు. బయటి నుంచి వచ్చే చాలా సెల్‌ల యూనియన్ (విప్పి బిగించే జాయింటు) 2 అంగుళాలది, దానిలో పట్టే పైపు బయటి కొలత 60.3 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్లు కూడా తేడా లేదు కదా అని పైపును గీకి, వేడిచేసి దూర్చే ప్లంబర్లున్నారు, ఆరు నెలల్లో అక్కడే కారుతుంది. 63 నుంచి 2 అంగుళాలకు మార్చే అడాప్టర్ ఒక్కొక్కటి 6 నుంచి 8 సెంటీమీటర్లు తింటుంది. సెల్ కొనేముందే దాని యూనియన్ కొలత అడగండి, 63 మిల్లీమీటర్ల యూనియన్‌తో వచ్చేవీ దొరుకుతాయి.

అడ్డంగా 90 సెంటీమీటర్లు లేకపోతే గోడ వాడుకోవాలి. మల్టీపోర్ట్ నుంచి వచ్చే లైనును కిందికి దించి, గోడ వెంట పైకి తీసి, ఆ నిలువు ముక్కలో సెల్ పెడితే నేల మీద చదరపు అడుగు కూడా పోదు. నీళ్లు కింది నుంచి పైకే రావాలి. పై నుంచి కిందికి పారితే సెల్‌లో పుట్టే హైడ్రోజన్ బుడగలు ప్లేట్ల మధ్య చిక్కుకుంటాయి. నిలువుగా బిగించడాన్ని అన్ని కంపెనీలూ ఒప్పుకోవు, మాన్యువల్ చూడాలి. కొన్ని సెల్‌లలో ప్లేట్లను ఒక కొస నుంచి బయటికి లాగి కడగాలి, పైన స్లాబు తగిలితే అది కుదరదు.

గోడ కూడా లేకపోతే రిటర్న్ పైపు భూమిలోకి దిగేముందు, గది బయట ప్రహరీ నీడన పెట్టొచ్చు. సెల్‌ను నడిపే పెట్టె, అంటే కంట్రోలర్, నుంచి సెల్‌కు వచ్చే డీసీ కేబుల్‌ను మాత్రం అతికి పొడిగించొద్దు. వోల్టేజి తక్కువ, ఆంపియర్లు ఎక్కువ కాబట్టి అతుకు దగ్గర వేడెక్కుతుంది. కంట్రోలర్‌ను పడమటి గోడకు బిగిస్తే పాలమూరు ఎండకు మధ్యాహ్నమే ట్రిప్ అవుతుంది.

ఎక్కడ పెట్టినా ఫిల్టర్ తర్వాత, హీటర్ ఉంటే దాని తర్వాత, వరుసలో చివర సెల్ ఉండాలి. కంట్రోలర్ కరెంటు మోటరు కాంటాక్టర్ (మోటరును ఆన్, ఆఫ్ చేసే స్విచ్) దాటాకే తీయాలి, మోటరు ఆగితే అదీ ఆగాలి. దాన్ని నేరుగా ప్లగ్గులో పెట్టి ఫ్లో స్విచ్ ఒక్కదాన్నే నమ్మితే, ఆ స్విచ్ ఇరుక్కున్న రోజు నిలిచిన నీళ్లలో హైడ్రోజన్ పోగై సెల్ పగలొచ్చు. పైపులు అతికే సాల్వెంట్ సిమెంటు లోపలికి కారినా ఫ్లో స్విచ్ ఇరుక్కుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్), సరైన ఎర్తింగ్ తప్పవు. బైపాస్‌కు మూడు బాల్ వాల్వులు పెట్టే జాగ ఎలాగూ ఉండదు. సెల్ అంతే పొడవున్న ఉత్త పైపు ముక్కకు యూనియన్లు అతికి పక్కన ఉంచుకుంటే, సెల్ విప్పిన రోజు కూడా మోటరు నడుస్తుంది.

డోసింగ్ పంపుకు ఈ బాధలేవీ లేవు. రబ్బరు ట్యూబును రోలర్లు నొక్కే పెరిస్టాల్టిక్ రకం గోడ మీద జానెడు చోటు తీసుకుంటుంది, రిటర్న్ లైనుకు ఒక్క రంధ్రం చాలు. డయాఫ్రం రకంలో హైపో వదిలే గ్యాసు చేరి పంపు గాలి కొడుతుంది, అది వద్దు. దీని ఇబ్బంది సరుకులో ఉంది. 10 శాతం హైపో రోజుకు లీటరున్నర, నెలకు 45 లీటర్లు. వేసవిలో రేకుల షెడ్డులో ఉంచితే వారాల్లోనే బలం పడిపోతుంది, డోసు అదే ఉన్నా నీళ్లు పచ్చబడతాయి. పదిహేను రోజులకు సరిపడా మాత్రమే తెచ్చుకోవాలి. ఆ ఇరుకు గదిలోనే యాసిడ్ డబ్బా కూడా పెడితే, రెండూ ఒలికి కలిసిన రోజు వచ్చేది క్లోరిన్ గ్యాసు. నేల కింది గుంత గదుల్లో అది ప్రాణం మీదికి వస్తుంది. యాసిడ్‌ను వేరే చోట, టాబ్లెట్లను ఇంకా దూరంగా ఉంచాలి. హైపో, టీసీసీఏ కలిస్తే పేలొచ్చు కూడా.

అసలు తీర్పు చెప్పేది జాగ కంటే బోరు నీళ్లు. నల్లగొండ పేరెత్తితే ఫ్లోరైడ్ అంటారు కానీ, సెల్‌ను తిప్పలు పెట్టేది కాల్షియం, ఆల్కలినిటీ (నీటిలోని క్షారత్వం, ఎక్కువగా బైకార్బొనేట్ వల్ల). ఫ్లోరైడ్ ఎక్కువున్న నీటిలో సాధారణంగా బైకార్బొనేట్ కూడా ఎక్కువే. సెల్ బుడగలు కార్బన్ డయాక్సైడ్‌ను తరిమేస్తాయి, పీహెచ్ పైకి పాకుతుంది, ప్లేట్ల మీద తెల్ల సున్నం పేరుకుంటుంది. కాల్షియం కాఠిన్యం 400 పీపీఎం లోపు, ఆల్కలినిటీ యాసిడ్‌తో 60 నుంచి 80కి దించగలిగేలా ఉండి, గోడ మీద నిలువుకు చోటుంటే ఉప్పు సెల్ మేలు. 400 దాటిన బోరుకు, లేదా రెండు ఎల్బోల మధ్య ఇరికించక తప్పని గదికి హైపో పంపే మేలు. సెల్ కడగాల్సి వస్తే నాలుగు పాళ్ల నీళ్లలో ఒక పాలు యాసిడ్ పోసి (నీళ్లను యాసిడ్‌లో పోయొద్దు) పది, పదిహేను నిమిషాలు ఉంచితే చాలు. అంతకు మించితే ప్లేట్ల పూత కరుగుతుంది.

ఉప్పు 3,200 పీపీఎం కావాలంటే 50,000 లీటర్లకు 160 కిలోలు. ముందు బోరు నీళ్లలో ఉన్నదెంతో చూసి తీసేయాలి. 800 ఉంటే 120 కిలోలే. సంతలో దొరికే దొడ్డుప్పులో మట్టి, కాల్షియం ఉంటాయి, అయోడిన్ లేని శుద్ధి చేసిన ఉప్పు కొనండి. ఉప్పు పూర్తిగా కరిగేదాకా, ఒక రోజు మోటరు నడిపి, ఆ తర్వాతే సెల్ ఆన్ చేయాలి. పూల్ అంచుకు తాండూరు బండలు వేసి ఉంటే ఉప్పు నీళ్లు ఎండినచోట పొరలు లేస్తాయి, గ్రానైట్‌కు ఆ బెడద తక్కువ. బ్యాక్‌వాష్ పైపు (ఫిల్టర్ కడిగిన నీళ్లు పోయేది) ఇప్పటిదాకా బత్తాయి తోట వైపు పోతుంటే ముందు దాన్ని మళ్లించండి. బత్తాయికి ఉప్పు పడదు, ఆకుల కొనలు మాడటం మొదలయ్యేసరికి వేర్ల దగ్గర మన్ను చెడి ఉంటుంది.