సింక్ బటన్‌కు చిక్కని పాటలు: తొలి డీజే కంట్రోలర్‌గా డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4

మా కరీంనగర్ వైపు డీజే అనగానే కళ్ల ముందు కదిలేది వ్యాను మీద గోడలా పేర్చిన బాక్సులే తప్ప, ఆ బాక్సుల వెనుక ఓ మూల బల్ల మీద కూర్చున్న చిన్న పెట్టె కాదు. ఇంటర్ పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న మా చిన్నాన్న కొడుకు, తాను డీజే నేర్చుకుంటానని చెప్పినప్పుడు ఇంట్లో పెద్దలందరూ బాక్సులకు లక్షలు పోయాలేమోనని కంగారు పడ్డారు. నేర్చుకోవడానికి బాక్సులు అక్కర్లేదని, ఒక కంట్రోలర్ (ల్యాప్‌టాప్‌లోని పాటలను చేత్తో నడిపించే పెట్టె), ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్, ఒక మంచి హెడ్‌ఫోన్ చాలునని వారికి నచ్చజెప్పి, చివరకు పయనీర్ డీజే వారి డీడీజే-ఎఫ్‌ఎల్‌ఎక్స్4 తెప్పించాము. హెడ్‌ఫోన్‌కు వేరే పెట్టుకుని ఒక్క కంట్రోలర్‌కే ముప్పై వేల పైచిలుకు అయింది. రెండేళ్లుగా వాడు నేర్చుకుంటూ, నేను పక్కన కూర్చుని చెడగొడుతూ గమనించిన విషయాలే ఈ సమీక్ష.

ఈ పరికరం 2022 చివర్లో వచ్చింది. అంతకు ముందు 2018 నుంచి కొత్తవారి చేతుల్లో ఎక్కువగా కనిపించిన డీడీజే-400కు ఇది వారసురాలు. రెండు డెక్కులు (ఒక్కో పాటను నడిపే భాగాలు), మధ్యలో వాటిని కలిపే మిక్సర్, ఒక్కో డెక్కుకు పాటను చేత్తో జరిపే చక్రం అయిన జాగ్ వీల్, వేగం మార్చే టెంపో స్లైడర్, ఎనిమిది ప్యాడ్లు, ఒక్కో ఛానెల్‌కు హై, మిడ్, లో అనే మూడు ఈక్యూ (స్వరాల హెచ్చుతగ్గులు సర్దే) నాబ్‌లు ఉంటాయి. కరెంటు ల్యాప్‌టాప్ నుంచి యూఎస్‌బీ వైరు ద్వారానే అందుతుంది కనుక వేరే అడాప్టర్ అవసరం లేదు. బరువు రెండు కిలోలకు కాస్త ఎక్కువ. కాలేజీ బ్యాగులో పడుతుంది.

ధర చూసి కొనేవారు ముందుగా అడగవలసిన ప్రశ్న ఒక్కటే: కంట్రోలర్‌లో సౌండ్ కార్డు ఉందా, లేదా? ఒక పాట జనానికి వినిపిస్తూ ఉండగా, రాబోయే పాటను తాను మాత్రమే హెడ్‌ఫోన్‌లో విని సిద్ధం చేసుకోవడమే డీజే పనిలో సగం. అందుకు పరికరం నుంచి రెండు వేర్వేరు శబ్దాలు బయటకు రావాలి, అంటే స్పీకర్లకు ఒకటి, హెడ్‌ఫోన్‌కు మరొకటి. ఇదే సంస్థ 2019లో తెచ్చిన డీడీజే-200లో సౌండ్ కార్డు లేదు. ఫోను లేదా ల్యాప్‌టాప్ నుంచి వచ్చే ఒకే స్టీరియో శబ్దాన్ని ఒక చీలిక వైరుతో ఎడమ కుడిలుగా పంచుకుని, స్పీకర్లలో మోనోతో సరిపెట్టుకోవాలి. ఎఫ్‌ఎల్‌ఎక్స్4లో సౌండ్ కార్డు ఉంది. ధర బాగా తక్కువైన న్యూమార్క్ డీజే2గో2 టచ్‌లోనూ, హెర్క్యులీస్ ఇన్‌పల్స్ 200లోనూ ఉంది. కాబట్టి సౌండ్ కార్డు లేని పెట్టెను చవకగా వస్తోందని కొనడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

ఆ తరువాత చూడవలసినది రెండు పాటల దెబ్బలను తానే కలిపే సింక్ బటన్. ఇక్కడే బయటి సమీక్షలను చదివి కొనే తెలుగువారు తప్పుదారి పడతారని నా అభిప్రాయం. ఆ సమీక్షలు రాసేవారు వాయించేది ఎక్కువగా హౌస్, టెక్నో పాటలు. అవి కంప్యూటర్‌లో తయారై మొదటి నుంచి చివరి దాకా ఒకే వేగంతో, నాలుగు దెబ్బల లెక్కతో నడుస్తాయి. సాఫ్ట్‌వేర్ వాటి మీద గళ్ల కాగితం పరిచినట్లు, దెబ్బ దెబ్బకూ గీత పెట్టే బీట్ గ్రిడ్ గీసేస్తుంది, సింక్ నొక్కగానే రెండు పాటలు కలిసిపోతాయి. మన పెళ్లి బరాత్‌లో నడిచే పాటలు అలా ఉండవు. తిశ్ర (మూడేసి లెక్క) నడకలో సాగే తీన్మార్ దరువును చాలాసార్లు సాఫ్ట్‌వేర్ చతురశ్రంగా (నాలుగేసి లెక్కగా) పొరబడి, నిమిషానికి 100 దెబ్బలు ఉన్న పాటను 150 అని చూపిస్తుంది. అప్పుడు సింక్ నొక్కితే పక్క పాట ఆ తప్పుడు లెక్కకు సాగి, గాయకుడు ఎవరో తరుముతున్నట్లు పాడుతూ పరుగెత్తుతాడు. పాత సినిమా పాటలతో చిక్కు మరొక రకం. క్లిక్ ట్రాక్ (వేగం నిలిపే టిక్ టిక్ శబ్దం) లేకుండా వాద్యకారులందరూ ఒకే హాలులో కూర్చుని వాయించిన ఆ పాటల్లో పల్లవికీ చరణానికీ మధ్య వేగం కొద్దిగా మారుతూనే ఉంటుంది. వినడానికి అది అందమే కానీ, గ్రిడ్‌కు అది లొంగదు. ఒక పాట 120 దగ్గర, మరొకటి 120.5 దగ్గర నడిస్తే, నిమిషం తిరిగేసరికి రెండింటి దెబ్బలూ సరిగ్గా సగం దూరం జరిగి ఒకదానికొకటి ఎదురు నిలుస్తాయి.

అందువల్ల తెలుగు పాటలు వాయించదలచినవారు కంట్రోలర్‌ను జాగ్ వీల్, టెంపో స్లైడర్ చూసి, సాఫ్ట్‌వేర్‌ను గ్రిడ్ దిద్దుకునే సౌకర్యం చూసి ఎంచుకోవాలి. మిగతా హంగులన్నీ ఆ తరువాతి సంగతి.

సాఫ్ట్‌వేర్ విషయంలో మమ్మల్ని ఆశ్చర్యపరిచినది మిక్స్ (Mixxx). ఇది పూర్తిగా ఉచితమైన ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిలోనూ పనిచేస్తుంది, చాలా కంట్రోలర్లతో కలిసి నడుస్తుంది, వాయించినదాన్ని రికార్డు చేసుకోనిస్తుంది. దీనిలో పాట వేగాన్ని రెట్టింపు, సగం చేసే ఆదేశాలతో పాటు రెండింట మూడు వంతులు, మూడింట రెండు వంతులు చేసే ఆదేశాలు కూడా ఉన్నాయి. 150 అని తప్పుగా చూపిన తీన్మార్ పాట మీద మూడింట రెండు నొక్కితే 100కు దిగి వస్తుంది. ఇంత చిన్న సౌకర్యం మనకు ఇంత పెద్ద పనిముట్టు అవుతుందని దాన్ని రాసినవారు ఊహించి ఉండరు. వేగం మారే పాటల కోసం, విశ్లేషణ సెట్టింగుల్లో వేగం స్థిరంగా ఉంటుందన్న ఊహను తీసివేయవచ్చు. అయితే తెర కిక్కిరిసినట్లు ఉంటుంది, తొలి వారం ఓపిక కావాలి.

ఎఫ్‌ఎల్‌ఎక్స్4 రికార్డ్‌బాక్స్, సెరాటో డీజే లైట్ అనే సాఫ్ట్‌వేర్లతోనూ పనిచేస్తుంది. కంట్రోలర్‌ను జతచేసి ఉంచినంత సేపు రికార్డ్‌బాక్స్‌లో వాయించే భాగం చందా కట్టకుండానే తెరుచుకుంటుంది. విశ్లేషణను డైనమిక్ (వేగం మారుతుందని లెక్కించే) పద్ధతికి మార్చుకుంటే పాత పాటల గ్రిడ్ చాలా మేరకు దారికి వస్తుంది. రాకపోతే చేత్తో దిద్దుకోవచ్చు. క్లబ్బులో పెద్ద ప్లేయర్ల మీద వాయించాలన్న ఆలోచన ఉన్నవారికి రికార్డ్‌బాక్స్ అలవాటు ముందు ముందు పనికొస్తుంది, ఎందుకంటే ఆ ప్లేయర్లలో పెట్టే పెన్ డ్రైవ్‌ను సిద్ధం చేసేది అదే. సెరాటో లైట్ తెర శుభ్రంగా ఉంటుంది కానీ పాటకు నాలుగు హాట్ క్యూలే (ప్యాడ్ నొక్కగానే పాటలో అక్కడికి దూకే గుర్తులు) ఇస్తుంది. పరికరంలో ఎనిమిది ప్యాడ్లు పెట్టుకుని నాలుగింటితో సరిపెట్టుకోవడం మావాడికి నచ్చలేదు. వర్చువల్ డీజే అనే మరో సాఫ్ట్‌వేర్ మౌస్‌తో ఇంట్లో వాడుకోవడానికి ఉచితమే అయినా, కంట్రోలర్‌తో పూర్తిగా వాడాలంటే లైసెన్సు కొనాలి.

ఇక చేతికి ఎఫ్‌ఎల్‌ఎక్స్4 ఎలా ఉందో చెబుతాను. జాగ్ వీల్ అంచును వేలితో కొద్దిగా తోస్తే పాట వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుగుతుంది. సింక్ ఆపేసి చెవితో రెండు దరువులను కలపడానికి ఈ స్పర్శ ఎంతో నమ్మకంగా ఉంది. టెంపో స్లైడర్ మాత్రం పొట్టిది. వేగం పరిధిని 6 శాతంలో ఉంచితే బాగానే ఉంటుంది కానీ, జానపదాల మధ్య తేడాలకు 16 శాతం పెట్టుకోక తప్పదు. అప్పుడు వేలి గోరంత కదలికకే లెక్క ఎక్కడికో పోతుంది. ఈ ఒక్క విషయంలో న్యూమార్క్ మిక్స్‌ట్రాక్ ప్రో ఎఫ్‌ఎక్స్ స్పష్టంగా మెరుగు. దాని స్లైడర్లు చాలా పొడవు, జాగ్ వీళ్లు ఆరంగుళాల వెడల్పు. కేవలం చెవితో కలపడమే లక్ష్యమైతే నేను దానినే కొంటాను. మావాడు ఒప్పుకోడు, వాడికి క్లబ్బు కల ఉంది.

స్మార్ట్ ఫేడర్ అని ఒక బటన్ ఉంది. దాన్ని వెలిగించి ఫేడర్ (ఒక పాట నుంచి మరో పాటకు మారే జారుడు మీట) జరిపితే వేగం, శబ్దం, బాస్ తమంతట తామే సర్దుకుంటాయి. వింతగా చూపించుకోవడానికి బాగుంటుంది కానీ, ఇదీ గ్రిడ్ మీదే ఆధారపడుతుంది కనుక గ్రిడ్ తప్పైతే తప్పును మరింత నున్నగా వినిపిస్తుంది. మొదటి ఆరు నెలలు దాని జోలికి వెళ్లవద్దని వాడికి చెప్పాను. వెళ్లాడనుకోండి.

పెద్ద లోటు అవుట్‌పుట్లది. మాస్టర్ అవుట్ (స్పీకర్లకు శబ్దం వెళ్లే చోటు) ఒక్క ఆర్‌సీఏ (ఎరుపు, తెలుపు చిన్న పిన్నుల) జతే. ఇంట్లో స్పీకర్లకు అది చాలు. కానీ సౌండ్ సిస్టం వారి మిక్సర్ దగ్గరకు వెళితే వాళ్ల దగ్గర ఉండేవి పెద్ద జాక్, ఎక్స్‌ఎల్‌ఆర్ వైర్లు. ఆర్‌సీఏ నుంచి పెద్ద జాక్‌కు మార్చే వైరు మనమే వెంట తీసుకెళ్లాలి. ఆర్‌సీఏ శబ్దం బ్యాలెన్స్‌డ్ (దారిలో చేరే మోతను రద్దు చేసుకునేది) కాదు కనుక పొడవైన వైరు వేస్తే పక్కనున్న లైటింగ్ వైర్ల గుయ్యిమనే మోత అందులోకి ఎక్కుతుంది, కాబట్టి వైరు పొట్టిగా ఉంచి దూరానికి శబ్దాన్ని బ్యాలెన్స్‌డ్‌గా మార్చే డీఐ బాక్సు పెట్టుకోవడం మేలు. ఊళ్లో ఒక నిశ్చితార్థంలో మాకు ఎదురైన మోత మాత్రం వైరుది కాదు. ల్యాప్‌టాప్ ఛార్జరు పెట్టిన ప్లగ్గుకు ఎర్తింగ్ సరిగా లేదు. ఛార్జరు తీయగానే మోత ఆగిపోయింది. అప్పటి నుంచి వాయించే ముందు బ్యాటరీ నిండా ఛార్జి చేసుకుని వెళ్లడం నియమం అయింది.

ల్యాప్‌టాప్ కొత్తదే కానక్కర్లేదు. ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రం మీద రెండు డెక్కులు హాయిగా నడిచాయి. శబ్దం తెగిపోతుంటే బఫర్ (ల్యాప్‌టాప్ ముందుగా సిద్ధం చేసి ఉంచుకునే శబ్దం) పెంచాలి. 44,100 హెర్ట్జ్ దగ్గర 512 శాంపిళ్ల బఫర్ అంటే దాదాపు 12 మిల్లీసెకన్ల ఆలస్యం. స్క్రాచింగ్ (పాటను చేత్తో ముందుకూ వెనక్కూ గీరడం) చేయని వారికి అది తెలియనైనా తెలియదు. పాటలో నుంచి గొంతును, వాద్యాలను విడదీసే సౌకర్యం మాత్రం పాత ప్రాసెసర్‌ను ఆయాసపెడుతుంది.

ముప్పై వేలు పెట్టలేని వారికి హెర్క్యులీస్ ఇన్‌పల్స్ 200 అందులో సగం కన్నా తక్కువకే దొరుకుతుంది. జాగ్ వీళ్లు చిన్నవి, ఫేడర్లు పొట్టివి, బొమ్మలా అనిపిస్తుంది. అయినా సౌండ్ కార్డు ఉంది, మిక్స్‌తో పనిచేస్తుంది, డీజ్యూస్‌డ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా వస్తుంది. కాస్త పైమెట్టు ఇన్‌పల్స్ 300లో, సింక్ నొక్కకుండానే స్లైడర్‌ను ఎటు జరపాలో, చక్రాన్ని ఎటు తిప్పాలో ఎర్ర లైట్లు వెలిగి చూపిస్తాయి. చెవికి శిక్షణ ఇవ్వాలన్న ఆ ఆలోచన నాకు స్మార్ట్ ఫేడర్ కన్నా ఎంతో నచ్చింది. అయితే ఆ లైట్లకూ ఆధారం గ్రిడ్డే. తీన్మార్ దగ్గర కళ్లు మూసుకుని వినడమే దారి.

హెడ్‌ఫోన్ చెవిని పూర్తిగా మూసేది, వైరు ఉన్నది కావాలి. బ్లూటూత్‌ది ఎంత ఖరీదైనదైనా శబ్దం ఆలస్యంగా చేరుతుంది కనుక ఈ పనికి రాదు. స్పీకర్లకు తొందర లేదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు మోగించరాదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి, నివాస ప్రాంతాల్లో పగటి పరిమితి 55 డెసిబెల్స్ మాత్రమే. నేర్చుకునేవాడి సాధన చాలావరకు రాత్రిపూట హెడ్‌ఫోన్‌లోనే సాగుతుంది కాబట్టి, డబ్బు అక్కడ పెట్టడమే సబబు.

పాత పరికరం కొనేవారు దుకాణానికి తమ ల్యాప్‌టాప్, హెడ్‌ఫోన్ తీసుకెళ్లాలి. మేము మొదట చూసిన వాడేసిన కంట్రోలర్ బయటికి కొత్తదానిలా మెరిసింది. రెండు డెక్కుల మధ్య జరిపే క్రాస్‌ఫేడర్‌ను పూర్తిగా ఒక పక్కకు నెట్టినా రెండో పక్క పాట సన్నగా వినిపిస్తూనే ఉంది, ఒక టెంపో స్లైడర్ మధ్యలో ఉంచినా తెర మీద అంకె కుదురుగా నిలవలేదు. దుమ్ము చేరిందని, స్ప్రే కొడితే సరిపోతుందని అమ్మేవారు చెప్పారు. స్ప్రే కొట్టి చూపించమని అడిగితే, సాయంత్రం రమ్మన్నారు.