సెకండ్ లాంగ్వేజ్: తెలుగా, సంస్కృతమా?

తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ ప్రవేశాల దోస్త్‌లో సీట్లు ప్రకటించే రోజులు వచ్చాయంటే నా ఫోనుకు ఒకటే ప్రశ్న: "సెకండ్ లాంగ్వేజ్ ఏది పెట్టాలి?" గ్రూపు గురించి ఎవరూ అడగరు, అది ఇంట్లో ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. ఈసారి అడిగింది మా చెల్లెలి కొడుకు. హనుమకొండలో బీకాం సీటు వచ్చింది. కాలేజీలో ఇచ్చిన దరఖాస్తులో ఆ ఒక్క గడి ఖాళీగా వదిలి, వరండాలోకి వచ్చి ఫోను చేశాడు. "మామా, మావాళ్లందరూ సంస్కృతమే పెడుతున్నారు."

పెడతారు. నేనూ పెట్టాను. ఇంటర్‌లో సంస్కృతం తీసుకుంటే నూటికి తొంభై పైన ఖాయమన్నది ఇక్కడ ప్రతి ఇంట్లో తెలిసిన సంగతే. పెద్ద ప్రశ్నలకు జవాబు తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసుకోవచ్చు. రామశబ్దం, నాలుగు శ్లోకాలు, కొన్ని సంధులు గట్టిగా పట్టుకుంటే మెమోలో అన్నిటికన్నా మెరిసేది ఆ అంకే. డిగ్రీలోనూ అదే ఊపున పోతారు.

సరే, ఆ మార్కులతో ఏం కొనుక్కుంటాం? ఎంబీఏకు ఐసెట్, పీజీకి సీపీగెట్, బీఎడ్‌కు ఎడ్‌సెట్. అన్నిచోట్లా ర్యాంకే అడుగుతారు. ఇంజనీరింగ్ ప్రవేశాల్లో ఇంటర్ మార్కులకు ఉన్న వెయిటేజీ 2023లో పోయింది. అది ఉన్న కాలంలోనూ భాషల మార్కులు లెక్కలోకి వచ్చేవి కావు. అయితే కొన్ని కంపెనీలు డిగ్రీలో అరవై శాతం ఉండాలంటాయి. ఆ గీత దగ్గర ఊగిసలాడే పిల్లలకు సంస్కృతం మంచి ఆసరా, కాదనను. సాయంత్రాలు ఏదో ఒక పని చేసుకుంటూ చదివేవారికీ అంతే.

నేను తెలుగు వైపు ఎందుకు మొగ్గుతానో చెప్పాలంటే ఒక అర్జీ సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా నాన్న పేరున ఉన్న పొలం గట్టు తగాదా మీద సోమవారం ప్రజావాణిలో ఇవ్వడానికి కాగితం తీసుకుని కూర్చున్నాను. "గౌరవనీయులైన కలెక్టర్ గారికి" దాకా బాగానే వచ్చింది. తర్వాతి వాక్యం గట్టు దగ్గర మొదలై మా తాత దగ్గరికి పోయి, అక్కడే ఉండిపోయింది. మూడు తెల్లకాగితాలు నలిపేశాను. చివరికి ఆఫీసు బయట అర్జీలు రాసే పెద్దాయన ముందు నిలబడ్డాను. నేను సగం చెప్పేలోపే పేరు, సర్వే నంబరు, హద్దులు, జరిగింది, కోరేది అన్నీ ఒక్క పేజీలో సర్ది, చదివి వినిపించి, డబ్బులు జేబులో వేసుకున్నాడు. సంస్కృతంలో నాకు 94 వచ్చిన మెమో అప్పుడు ఇంట్లో బీరువాలో ఉంది.

గ్రూప్-1 మెయిన్స్ తెలుగులో రాయవచ్చు. ర్యాంకుకు లెక్కించే పేపర్లు ఆరు, ఒక్కోటి 150 మార్కులు, అందులో మొదటిదే జనరల్ ఎస్సే. ఎస్‌ఐ తుది రాతపరీక్షలో తెలుగు లేదా ఉర్దూ పేపర్ ఉంటుంది. మూడు గంటలు కుదురుగా తెలుగు రాసే చేయి నోటిఫికేషన్ పడ్డాక రాదు. కోచింగ్ వాళ్లు నోట్సు ఇస్తారు, వాక్యం ఇవ్వరు. డిగ్రీలో సెమిస్టర్ల తరబడి ఎలాగూ ఒక భాష చదవాలి కదా, ఆ గంటల్లో చేయి తిరిగితే లాభమే. గైడు బట్టీ పట్టేవారికి మాత్రం ఏ భాషయినా ఒకటే.

సంస్కృతం మనది కాదనే వాదన నాకు నచ్చదు. కాకతీయ గణపతిదేవుడి సేనాని జాయప నృత్తరత్నావళి రాసింది సంస్కృతంలోనే. ప్రతాపరుద్రుడి ఆస్థానంలో విద్యానాథుడు రాసిన ప్రతాపరుద్రీయమూ అంతే. అలాంటివి మూలంలో చదవాలన్న కోరిక ఉన్న పిల్లలు నిక్షేపంగా తీసుకోవాలి. తెలుగులో జవాబు రాసి సంస్కృతం మార్కులు తెచ్చుకునే పద్ధతి మీదే నా కోపమంతా. అందులో ఏ భాషా రాదు. తెలుగు మాటకు వస్తే పోతన ఊరు బమ్మెర, పాల్కురికి సోమన ఊరు పాలకుర్తి ఇప్పటి జనగామ జిల్లాలో ఒకే మండలంలో ఉన్నాయి. పాఠంలో వచ్చే కవి ఊరు బస్సెక్కి చూసిరావడం అందరికీ దొరికే అదృష్టం కాదు.

ఇంటర్‌లో రెండేళ్లు తెలుగు వదిలేసినవారిని భయపెట్టేది ఛందస్సు. అది వారం పని. ఉత్పలమాలకు భ ర న భ భ ర వ, పదో అక్షరం యతి. డెబిట్టూ క్రెడిట్టూ సరిచూసే బీకాం కుర్రాడికి గురువూ లఘువూ సరిచూడటం ఎంత?

హిందీ బడిలో బాగా వచ్చినవారికి మంచిదే. ఉర్దూ ఇంట్లో ఉన్నవారు ఎలాగూ నన్ను అడగరు. ఏది పెట్టినా గడి నింపే ముందు ఆ భాషకు కాలేజీలో పాఠం చెప్పే మనిషి ఉన్నారో లేదో సీనియర్లను అడగండి. ఖాళీ తరగతి గదిలో పోతనా లేడు, కాళిదాసూ లేడు.

మావాడు తెలుగే పెట్టాడు. మా చెల్లెలు మాత్రం, "పర్సంటేజీ తగ్గితే పూచీ నీదే అన్నయ్యా" అని కచ్చితంగా చెప్పి ఫోను పెట్టేసింది. మొదటి ఇంటర్నల్ పరీక్ష ఇంకా కాలేదు.